మడతలు మార్చిన మఖమలు

మొన్న శనివారం సూపర్‌మార్కెట్లో కస్సా దగ్గర కూర్చున్న అమ్మాయి నా గుడ్డసంచి వంక చూసి, "ఒకసారి తెరిచి చూపిస్తారా?" అంది. జర్మనీలోని ఈ కొలోన్‌లో డబ్బులు కట్టే చోట ఇలా అడగడం వింతేమీ కాదు. మర్యాదగానే అడిగింది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. సంచి అడుగు మూలలు రెండూ పట్టుకుని తిరగేసి బల్ల మీద దులిపాను. పాత ట్రామ్ టికెట్టూ, కాస్త ఉల్లిపొట్టూ రాలాయి. ఆ పిల్ల బిక్కమొహం వేసింది. బయటికొచ్చి చలిలో నిలబడ్డాక గానీ తెలియలేదు, నా చేతులు చేసిన ఆ పని నాది కాదని. అలా సంచి తిరగేసి దులిపే మనిషి వేరే ఒకావిడ ఉండేది. ఆవిడ పోయి ఇంకా ఏడాది కాలేదు.

పేరు రాయను. ఈ ఊరి తెలుగువాళ్ళ నోళ్ళలో ఆ పేరు ఇప్పటికే చాలా నలిగింది. నేను ఆంటీ అనేదాన్ని. బాపట్ల వైపు మనిషి. భర్త లేడు, ఒక్కతే కూతురు. ఒకప్పుడు ఇళ్ళకు వెళ్ళి మంచాన పడ్డ ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగం చేసేదట. నాకు పరిచయమయ్యే నాటికి ఆ ఉద్యోగం లేదు, ఒక స్కూల్లో గదులు తుడిచే పని చేస్తోంది.

ఆవిడను సంచి చూపించమని ఎవరూ అడగక్కర్లేదు. వంతు రాకముందే తిరగేసి, దులిపి, రెండు అరచేతులూ చాచి చూపించేది. చాదస్తపు మనిషి అనుకుని కస్సాలో వాళ్ళు నవ్వేవాళ్ళు. గడ్డకట్టే చలిలో కూడా, కొట్లోకి అడుగుపెట్టాక కోటు జేబుల్లో చేతులు పెట్టేది కాదు. "ఆంటీ, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, జేబుల్లో పెట్టుకోండి," అంటే, "బయటికి కనపడతా ఉండనీలే అమ్మా," అనేది.

మా ఇంటికొస్తే ఇంకో తమాషా. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్తే వెనకే వచ్చేది. సోఫాలో కూర్చోమంటే వినేది కాదు. ఒకసారి ఎవరో పార్సిల్ తెస్తే కిందికి దిగాను. పైకి వచ్చేసరికి ఆవిడ తలుపు బార్లా తెరిచి, బయట మెట్ల మీద నిలబడి ఉంది.

"ఇదేంటాంటీ, లోపల కూర్చోకుండా?"

"నన్నొక్కదాన్నే గదిలో వదిలిపెట్టి పోబాకమ్మా," అంది. నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు.

మా పరిచయం టర్కీవాళ్ళ కూరల కొట్లో. నేను ఫోన్లో అమ్మతో ఇక్కడ గోంగూర దొరకదని గోడు వెళ్ళబోసుకుంటుంటే, బెండకాయల బుట్ట అవతలి నుంచి ఒక గొంతు, "రబార్బర్ అని పుల్లటి ఎర్ర కాడలుంటయి, అయి తీసుకుపోయి పచ్చడి నూరు. నాలిక్కి తేడా తెలియదు. ఎవరి తాలూకమ్మా మీరు?" అంది. మాది విజయవాడ అని చెప్పాను. "అయితే ఒక నీళ్ళే తాగాం," అని అక్కడికక్కడే నా బుట్టలో రబార్బర్ కట్ట పడేసింది. పచ్చడి నిజంగానే కుదిరింది. నాలిక్కి మాత్రం తేడా తెలిసింది. ఆవిడతో అనలేదు.

కొన్నాళ్ళకు మా ఆయన ఒక వార్త మోసుకొచ్చాడు. హైదరాబాదు మనిషి, ఏ మాటా కడుపులో నిలవదు.

"మా టీమ్ల పిలగాడు ఆళ్ళ తెలుగు చర్చికి పోతడు. మీ ఆంటీ పని జేసిన ఇంట్ల ఏందో తీసిందట, అందుకే నౌకరీ పోయిందట. మనకెందుకే ఈ లొల్లి?"

"తీసిన మనిషైతే మనింట్లో ఒక్కతే కూర్చోడానికి భయపడుతుందా?"

"అందుకే భయపడతదేమో!"

ఆ పూట నేను వంట చేయలేదు. బ్రెడ్డు తిని పడుకున్నాడు.

చర్చి సంగతి ఆంటీయే తర్వాత చెప్పింది. ఒక జర్మన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు ఆరాధన జరుపుకుంటారు. అందులో కానుకల సంచి పట్టుకుని వరస వరసకీ తిరిగే పని చాలాకాలం ఈవిడది. ఎర్ర మఖమలు సంచి, కర్ర పిడి. కుట్టింది కూడా ఈవిడే. ఉద్యోగం పోయాక ఒక ఆదివారం, ప్రార్థనకు ముందే ఆ సంచి వేరే ఒకామె ఒళ్ళో ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. "మీకు మోకాళ్ళ నొప్పులు కదా అక్కా," అని మాత్రం ఆమె అందట. "నాకు మోకాళ్ళ నొప్పులెక్కడివమ్మా? మూడంతస్తులు మెట్లు తుడుస్తా నేను," అని ఆంటీ నాతో అంటూ మోకాళ్ళు తట్టి చూపించింది. చర్చికి వెళ్ళడం మాత్రం మానలేదు. మానేస్తే ఒప్పుకున్నట్టే అని ఆవిడ లెక్క.

ఒక శుక్రవారం ఫోన్ చేసింది. "అమ్మాయ్, ఆదివారం చర్చి అయినాక ఒక గంట తీరికుంటదా? ఇంకో రెండు చేతులు కావాలి."

చిన్న ఫ్లాటు. కిటికీ తెరలు వేసి ఉన్నాయి. బల్ల మీద దుప్పటి, దాని మీద పాత తెల్ల పంచెలో చుట్టిన మూట. ఆవిడ చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని, నన్నూ కడుక్కోమంది. చేతికి రాసుకున్న క్రీమ్ పోయేదాకా మళ్ళీ మళ్ళీ కడిగించింది. తర్వాత మూట విప్పింది.

ఒట్టోమాన్ సుల్తానుల కాలంలో టర్కీలో నేసిన దిండు గలీబు ముఖం అది. పట్టు మఖమలు. పండిన గోరింటాకు ఎరుపు. మధ్యలో వెండిజరీ నేల నల్లబడి, అక్కడక్కడా మాత్రం ఇంకా తళుక్కుమంటోంది. దాని నిండా విచ్చుకున్న పెద్ద పెద్ద పూలు, రెక్కల అంచులు రంపపు పళ్ళలా. రెండు చివర్లా వరసగా చిన్న చిన్న కమానులు, ఒక్కో కమానులో ఒక్కో తులిప్ మొగ్గ. నేను పట్టు చీరలు చాలా చూశాను, అంత ఎరుపు ఎక్కడా చూడలేదు.

"కార్నేషన్ పూలంటారు వీటిని," అంది ఆంటీ. "నాకు మాత్రం విసనకర్రల మాదిరుంటయి. మే నెల్లో మా చర్చిలో ఆడోళ్ళందరం ఒక్కసారి ఊపుకుంటుంటే ఇట్టానే ఉండేది." చిటికెన వేలు ఆనకుండా గాల్లోనే ఒక మూల చూపించింది. "ఈడ చూడు, ఈ పువ్వు పొట్టిదైంది. నేసేవాడికి ఆకలేసి మగ్గం దువ్వెన గట్టిగా కొట్టుంటాడు."

వెలుగు వచ్చే దిక్కుకు మఖమలు తిప్పింది. ఎరుపు చిక్కబడి నల్లగా మారింది. మళ్ళీ అటు తిప్పితే తేలిపోయి మెరిసింది. "ఇటు నుంచి చూస్తే పొద్దుగూకినట్టు, అటు నుంచి చూస్తే తెల్లారినట్టు," అని తృప్తిగా అంది.

తర్వాత అసలు పని. నేనో కొస, ఆవిడో కొస. "అంచు పట్టుకో. అంచే. పూల మీద వేలు పడకూడదు. మన వేలికి నూనె ఉంటది." పాత మడత విప్పి, నాలుగు వేళ్ళు జరిపి కొత్తచోట మడత పెట్టాం. నెలకోసారి, మొదటి ఆదివారం, ఇది తప్పదు. వాళ్ళమ్మకు ఉన్న ఒకే ఒక్క పట్టుచీర తెల్లటి పెళ్ళిచీరట. నెలనెలా మడత మార్చి, పంచెలో చుట్టి, పెట్టె అడుగున పెట్టేదట. "మడత ఒకచోటే ఉంటే పట్టు ఆడే విరిగిపోద్దమ్మా. మార్చుకుంటా ఉండాలి." మా అమ్మా ఇదే మాట అంటుంది. పట్టు తెలిసిన ఏ తెలుగింట్లోనైనా ఇదే అంటారు.

"ఈ మాత్రం మీరొక్కరే చేసుకోవచ్చు కదా ఆంటీ," అన్నాను, చిన్న బట్టే కదా అని.

"ఒక్కదాన్నే ఉన్నప్పుడు దీన్ని విప్పను. ఇంకో మనిషి చూస్తా ఉండాలి."

అప్పుడు చెప్పింది. ఆ తర్వాత ఏ మొదటి ఆదివారం వెళ్ళినా అదే కథ, అవే మాటలతో, అవే చేతులతో చెప్పేది.

ఆవిడ చూసుకున్న జర్మన్ ముసలావిడను ఓమా అనేది, అంటే నాయనమ్మో అమ్మమ్మో అన్నట్టు. ఈ మఖమలు ఓమా మంచానికి ఎదురుగా గోడ మీద గాజు ఫ్రేములో ఉండేది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ హక్కు లేదు. ఓమాకు చూపు పోయింది. ఒకరోజు, "నాకెలాగూ కనపడదు. కనీసం ముట్టుకుంటాను, దించు," అందట. ఆంటీ దించి, గాజు ఊడదీసి, ఒళ్ళో పరిచింది. అప్పటి నుంచి ప్రతి మధ్యాహ్నం ఓమా ఆ మఖమలు ఒళ్ళో వేసుకుని, కుడిచేతి కింద పడ్డ పువ్వును వేళ్ళతో నిమురుతూ కూర్చునేది. చివరికి ఒకరోజు, "నేను పోతే మళ్ళీ దీన్ని గాజులో పెడతారు. నువ్వు పట్టుకుపో," అంది. ఆంటీ వద్దంది. పని చేసే ఇంట్లో చాక్లెట్ డబ్బాకి మించి ఏదీ తీసుకోకూడదని వాళ్ళ ఉద్యోగంలో నియమం. ఓమా వినలేదు.

ఇక్కడికి వచ్చేసరికి ఆంటీ రెండు చేతులూ దోసిలి పట్టేది, చర్చిలో రొట్టె ముక్క అందుకునేటప్పుడు పట్టినట్టు. "ఇట్టా పెట్టి, నా వేళ్ళు మూసేసింది. నేను అడగలా. ఇచ్చింది."

తర్వాత కొద్దిరోజులకే ఓమా పోయింది. మేనల్లుడు వచ్చి చూస్తే గోడ మీద ఖాళీ ఫ్రేము. ఆంటీని వాళ్ళ ఆఫీసులో పిలిచి అడిగారు. ఓమా ఇచ్చిందని చెప్పింది. తీసుకోవడమే తప్పు కాబట్టి ఉద్యోగం పోయింది. దొంగతనం అని రుజువు లేదు, ఇచ్చిందనీ రుజువు లేదు. ఆ మేనల్లుడు కొన్నాళ్ళు లాయరుతో బెదిరించి ఊరుకున్నాడు. ఊరు మాత్రం ఊరుకోలేదు.

"తిరిగిచ్చేస్తే పోయేది కదా ఆంటీ? ఈ పీడ ఎందుకు?"

"తిరిగిస్తే తీసినట్టేగా అమ్మా!" అంది.

నేను నమ్మాను. ఎందుకని అడిగితే ఆ దోసిలి చూసి అంటాను, అంతకన్నా చెప్పలేను. కానీ ఆవిడకు కావలసింది నా నమ్మకం కాదు, కూతురిది. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, ఒక బీమా కంపెనీలో పని చేస్తుంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం జర్మన్‌లో ఇస్తుంది. నా ఎదుటే ఒకసారి వాళ్ళ మాటలు ఇలా నడిచాయి.

"నువ్వు తీశావని నేను అనట్లేదమ్మా," అంది ఆ అమ్మాయి జర్మన్‌లో. "ఇచ్చిందని చెప్పడానికి కాగితం ముక్క లేదు అంటున్నాను."

"దేవుడు చూశాడే."

"దేవుణ్ణి సాక్ష్యానికి పిలవరు."

ఆ అమ్మాయి వెళ్ళాక ఆంటీ చాలాసేపు బల్ల మీది దుప్పటి ముడతలు సర్దుతూ ఉండిపోయింది. "ఊరంతా అనుకోనీ. నా కడుపున పుట్టింది కదా అది. నమ్మిందా అంటే నమ్మలా. నమ్మలేదా అంటే అదీ చెప్పదు. అది ఒక్కమాట నమ్మానంటే చాలమ్మా, ఇంకేం వద్దు నాకు." ఆవిడ కళ్ళు తడవడం నేను చూసింది అప్పుడే.

కిందటేడు చలికాలం మొదట్లో ఆ అమ్మాయే పాత బట్టలు బాగుచేసే నిపుణురాలిని ఇంటికి తీసుకొచ్చింది. ఆ నిపుణురాలి అపాయింట్‌మెంటు కోసం చాలా రోజులు తిరిగిందట. ఇలాంటి వస్తువు ఇంట్లో ఉండకూడదు, ఏదైనా మ్యూజియం వాళ్ళు చూస్తారు, ఆ మేనల్లుడితోనూ వాళ్ళే మాట్లాడుకుంటారు, అమ్మ నెత్తిన బరువు దిగుతుందని ఆమె ఆశ. మంచి మనసుతోనే చేసింది. ఆంటీ కూడా సంబరపడింది. మంచి చీర కట్టుకుని, జడకు కొత్త రబ్బరు బ్యాండు పెట్టుకుని కూర్చుంది. తను ఎంత పదిలంగా దాచిందో తెలిసిన మనిషి వచ్చి చూస్తుందని.

వచ్చినావిడ బల్ల మీద మఖమలు పరిచి, పెద్ద దీపం ఒకటి పక్కనుంచి వాలేలా పెట్టింది. కిటికీ వెలుగులో నాకెప్పుడూ కనపడనివి అప్పుడు కనపడ్డాయి. పూల మీదుగా, కమానుల మీదుగా, అడ్డంగా, నిలువుగా, గీతలే గీతలు. ఒక్కో గీత మీద పట్టు నూగు రాలిపోయి కింది నేత బోసిగా ఉంది. జరీ పోగులు విరిగి లేచి ఉన్నాయి.

"దీన్ని మడతపెట్టింది ఎవరు?" అని మెల్లగా అడిగింది.

"నేనే," అంది ఆంటీ, బడిలో పిల్లలా చెయ్యెత్తి. "నెలనెలా మడత మార్చేదాన్ని. ఒక్క నెల తప్పలేదు."

వచ్చినావిడ ఆంటీ మొహం చూసి, దీపం ఆర్పేసి, కూర్చుని, దయగానే చెప్పింది. పట్టుచీరకు అది మంచిదే. మఖమలు వేరు, దాని మీద నూగు నిలబడి ఉంటుంది, మడతపడ్డ ప్రతిచోటా ఆ నూగు నలిగి తెగుతుంది. దీన్ని ఎప్పుడూ మడవకూడదు, గొట్టానికి చుట్టాలి. ఒకే మడతలో వదిలేసి ఉంటే ఒకట్రెండు గీతలతో పోయేది. మార్చిన ప్రతిసారీ కొత్తచోట దెబ్బ తగిలింది.

ఆంటీకి జర్మన్ అక్షరం పొల్లుపోకుండా అర్థమవుతుంది. అయినా నా వైపు తిరిగి, "ఏమంటందమ్మా ఆవిడ?" అని తెలుగులో అడిగింది. నేను చెప్పేలోపే ఆవిడ లేచి వెళ్ళి కిటికీ దగ్గర మాకు వీపు పెట్టి నిలబడింది.

వచ్చినావిడ మళ్ళీ వంగి చూసి, ఒక మూలనున్న పువ్వు దగ్గర ఆగింది. "ఇది మాత్రం మడత వల్ల కాదు. గీత లేదు, గుండ్రంగా అరిగింది. ఎవరో వేళ్ళతో చాలాకాలం నిమిరారు."

"ఓమా," అంది ఆంటీ కిటికీ వైపు చూస్తూనే. "అవి ఓమా వేళ్ళు."

ఆ మాట ఎవరూ అందుకోలేదు. కూతురు అప్పటికే, ఈ గీతలు పోయే మార్గం ఏదైనా ఉందా అని అడుగుతోంది. లేదని చెప్పి, ఒక అట్టగొట్టం ఇచ్చి, మఖమలు దానికి చుట్టిపెట్టి వచ్చినావిడ వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి మొదటి ఆదివారం ఆంటీ మామూలుగానే నన్ను పిలిచింది. వెళ్ళాను. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాం. గొట్టం బల్ల మీద ఉంది. చేయడానికి పని లేదు. ఆవిడ చేతులు ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, వాటినే చూసుకుంటూ ఉంది.

"దొంగనంటే పడ్డానమ్మా. తీయలేదని నాకు తెలుసు కదా. పాడుచేశానంటే మాత్రం పడలేకపోతన్నా. ఇది నిజం కదా. ఓమా నన్ను నమ్మి చేతిలో పెట్టింది. నేను నా చేతుల్తో..."

పట్టు మనది, మనకు తెలిసింది మనం చేశాం, ఇందులో తప్పేముందని నేను ఏదేదో చెప్పాను. ఆవిడ తలూపింది. రబార్బర్ పచ్చడి డబ్బా చేతిలో పెట్టి పంపింది. ఆ డబ్బా ఖాళీ కాకముందే ఆవిడ పోయింది. స్కూలు మెట్లు తుడుస్తూ కూలబడిపోయిందట. గుండె. అది మాత్రమేనని నేను అనుకోను.

కూతురు ఫ్లాటు ఖాళీ చేసే రోజు వంటసామాను సర్దడానికి నన్ను రమ్మంది. నేను వెళ్ళేసరికి ముందుగదిలో పొడుగాటి పెద్దమనిషి ఒకాయన టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఓమా మేనల్లుడు. ఆ అమ్మాయే ఫోన్ చేసి పిలిచింది. ఇచ్చేసి చేతులు కడుక్కుందామనుకుంది. బల్ల మీద మఖమలు విప్పి పరిచి ఉంది.

ఆయన ఆ గీతల వంక కాసేపు చూశాడు. "నాశనమైపోయింది," అన్నాడు. "మా అత్త దీన్ని గాజు దాటి బయటికి రానిచ్చేది కాదు. చిన్నప్పుడు గాజు మీద వేలు పెట్టానని నన్ను కొట్టింది. ఇప్పుడు ఇది నాకెందుకు? మీరే ఉంచుకోండి."

ఆ అమ్మాయి వంగి ఆ మూల పువ్వునే చూస్తోంది. నా వైపు తిరిగి, "అమ్మ దీన్ని ఎలా పట్టుకునేది?" అని అడిగింది.

"అంచులే పట్టుకునేది. పూల మీద వేలు పడనిచ్చేది కాదు. నా వేలూ పడనివ్వలేదు."

ఆమె ఆయనతో అంది, "మీ ఇంట్లో గాజులో ఉన్నన్నాళ్ళూ దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. మా అమ్మ దగ్గరున్నన్నాళ్ళూ ఎవరూ ముట్టుకోలేదు. మరి ఈ పువ్వు ఎవరి వేళ్ళకు అరిగింది?"

ఆయన దగ్గరికి వచ్చాడు. కళ్ళజోడు తీసి చూశాడు. ఆ బోసి పువ్వు మీద చూపుడువేలు ఆనించి, ఒక్కసారి నిమిరాడు. ఏమనుకున్నాడో నాకు తెలియదు. టోపీ పెట్టుకుని, "ఉంచుకోండి," అని మళ్ళీ అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి.

"మీరు ఇవ్వక్కర్లేదు," అంది ఆ అమ్మాయి. "మీ అత్త ఎప్పుడో ఇచ్చేశారు."

ఆయన వెళ్ళాక గిన్నెల పెట్టెల మధ్య నేల మీద కూలబడి ఏడ్చింది. "ఆ రోజు అమ్మ చెప్పింది కదా అక్కా, ఓమా వేళ్ళని. నేను వినలేదు. గీతలు పోతాయా అని అడుగుతున్నాను." నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. ఆంటీ బతికుండగా ఈ పిల్ల ఈ ఏడుపు ఏడ్చి ఉంటే ఎంత బాగుండేదని నాకు కోపం కూడా వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తెలుగు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నేను చర్చికి వెళ్ళే మనిషిని కాను, అయినా వెళ్ళాను. మా ఆయన కూడా నోరెత్తకుండా వచ్చాడు. ముందు బల్ల మీద ఆంటీ ఫోటో. దాని ముందు, పాత తెల్ల పంచె మీద, మఖమలు పూర్తిగా విప్పి పరిచి ఉంది. గీతలన్నీ కనపడేలా. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. కూతుర్ని రెండు మాటలు చెప్పమన్నారు.

అందరి ముందూ ఆమె నోట తెలుగు రావడం నేను ఎప్పుడూ వినలేదు. లేచి నిలబడి, కాగితం లేకుండా, జర్మన్ యాసలో ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది.

"ఇది ఓమా మా అమ్మకి ఇచ్చింది. మా అమ్మ అడగలా. ఇచ్చింది."

ఎవరో దగ్గారు. ఆమె ఇంకేమీ చెప్పలేకపోయింది. కూర్చోబోతూ ఆగి, "వచ్చి ముట్టుకోండి," అంది. "దీనికి గాజు లేదు."

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక్కొక్కరే లేచారు. మొదట వచ్చింది కానుకల సంచి పట్టుకునే ఆమె. సంచి ఎక్కడ పెట్టాలో తెలియక కుర్చీలో పెట్టి వచ్చింది. చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని, మళ్ళీ చాపి ఆ అరిగిన పువ్వు మీద ఆనించింది. ఆమె వెనక వరసగా మిగతా ఆడవాళ్ళు. ఎన్ని చేతులో.

నా వంతు వచ్చింది. నేను పువ్వును ముట్టుకోలేదు. అంచు పట్టుకున్నాను, అంచే.